చచ్చిన గుండె కండ మళ్లీ పుడుతుందా? పొలం అమ్మే ముందు ఇది చదవండి

మీరు రాసిందాన్ని ముందుగా రెండు ముక్కల్లో చెప్తాను, మీలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది దీన్ని చదువుతారు కాబట్టి. మీది పరకాల దగ్గరి ఊరు. బాపుకి 54 ఏళ్లు, పత్తి రైతు. నెలన్నర కింద రాత్రిపూట ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ అనుకున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ సూది వేశాడు. తగ్గకపోతే తెల్లారి హనుమకొండ తీసుకొచ్చారు. గుండె ముందు గోడకు రక్తం ఇచ్చే పెద్ద నాళం మూసుకుపోయిందని స్టెంట్ వేశారు. ఇంటికి పంపేటప్పుడు తీసిన ఎకోలో పంపింగ్, అంటే ఈఎఫ్ (ఒక్కో దెబ్బకు గుండె తనలోని రక్తంలో ఎంత భాగాన్ని బయటికి నెడుతుందన్న కొలత), 30 శాతం. ఇప్పుడు ఎవరో ఏజెంట్ వచ్చి "స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే చచ్చిన కండ మళ్లీ పుడుతుంది, ఆరు లక్షలవుతుంది" అన్నాడు. ఇరవై గుంటలు అమ్ముదామా అని ఇంట్లో మాట నడుస్తోంది. బాపు మళ్లీ పొలం పనికి పోవచ్చా అని కూడా అడిగారు.

పొలం అమ్మకండి. వరంగల్‌లో గుండె డాక్టరుగా ఏళ్ల తరబడి ఇలాంటి కుటుంబాలను చూస్తున్నాను. ఆ అనుభవంతోనూ, ఈ రంగంలో జరుగుతున్న పరిశోధనను వదలకుండా చదువుతున్నవాడిగానూ చెప్తున్నాను. దెబ్బతిన్న గుండె కండను మళ్లీ పెంచే చికిత్స ఈ రోజు మన దేశంలో ఏ ఆసుపత్రిలోనూ డబ్బుకు దొరకదు. దొరుకుతుందని ఎవరైనా చెప్తే ఆ మాట నిజం కాదు. అలాగని మీ బాపు గుండె ఇంతేనని కూడా అనుకోకండి. ఆ 30 శాతం ఇంకా పెరిగే అవకాశం ఉంది, అది వేరే దారిలో. ఆ సంగతి చివర్లో వివరంగా చెప్తాను. ముందు ఈ స్టెమ్ సెల్స్ (మూలకణాలు, అంటే వేరే రకం కణాలుగా మారగల కణాలు) కథ తెలుసుకోండి, లేకపోతే రేపు ఇంకో ఏజెంట్ ఇంకో పేరుతో వస్తాడు.

గుండెపోటులో నాళం మూసుకుపోయిన కాసేపటి నుంచే కండ కణాలు చావడం మొదలవుతుంది. పెద్ద పోటులో నూరు కోట్ల కణాల దాకా పోవచ్చు. చర్మం తెగితే కొత్త చర్మం వస్తుంది, కాలేయం కొంత కోసేసినా పెరుగుతుంది. గుండె కండకు ఆ శక్తి దాదాపు లేదు. పుట్టిన కొద్దిరోజులకే ఆ కణాలు విభజన ఆపేసి, పూర్తిగా కొట్టుకునే పనిలో పడిపోతాయి. పెద్దవాళ్లలో ఎంత కొత్త కండ పుడుతుందో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో యోనస్ ఫ్రీసెన్ బృందం 2009లో లెక్క తేల్చింది. 1950లు, 60ల్లో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 మనుషుల కణాల డీఎన్ఏలో కూడా చేరింది. దాన్ని పట్టుకుని ఒక్కో కణం ఎప్పుడు పుట్టిందో వాళ్లు చెప్పగలిగారు. 25 ఏళ్ల వయసులో ఏడాదికి సుమారు 1 శాతం, 75 ఏళ్లకు వచ్చేసరికి 0.45 శాతం కండ కణాలు మాత్రమే మారుతున్నాయని తేలింది. కొత్తవి అసలే పుట్టవని కాదు, కానీ గుండెపోటు నష్టాన్ని పూడ్చడానికి అది ఏ మూలకూ సరిపోదు. చచ్చిన చోట గట్టి మచ్చ ఏర్పడుతుంది. ఆ మచ్చ కొట్టుకోదు. కానీ అది లేకపోతే గోడ చిరిగిపోయి మనిషే పోతాడు, కాబట్టి దాన్ని శత్రువుగా చూడకండి.

అన్ని ప్రాణులకూ ఇలాగే ఉండదు. మన గంగా ప్రాంతపు నీళ్లలో పుట్టిన జీబ్రా చేప గుండెలో ఐదో వంతు కోసేసినా రెండు నెలల్లో మళ్లీ పెరుగుతుందని 2002లో చూపించారు. పుట్టిన మర్నాడు ఎలుక పిల్ల గుండె కూడా అలాగే పెరుగుతుంది, వారం తిరిగేసరికి ఆ శక్తి పోతుంది. అమెరికాలోని డల్లాస్ శాస్త్రవేత్తలు 2011లో దీన్ని ప్రచురించారు. అంటే ఆ దారి మనలాంటి పాలిచ్చే ప్రాణుల్లో కూడా మొదట్లో తెరిచే ఉంటుంది, తర్వాత మూసుకుపోతుంది. దాన్ని మళ్లీ తెరవాలన్న ఆశతోనే ప్రపంచమంతా ఇంత పని జరుగుతోంది. ఆ ఆశలో తప్పేమీ లేదు, నాకూ ఉంది.

తప్పు జరిగింది వేరే చోట. 2001లో పియరో అన్వెర్సా అనే శాస్త్రవేత్త బృందం, ఎముక మజ్జలోని కణాలను ఎలుక గుండెలోకి ఎక్కిస్తే కొత్త కండ పుట్టిందని నేచర్ పత్రికలో రాసింది. తర్వాత గుండెలోనే స్టెమ్ సెల్స్ ఉన్నాయని కూడా చెప్పింది. ప్రపంచమంతా వాటి వెంట పరుగెత్తింది. 2004లోనే రెండు వేరే బృందాలు అదే పత్రికలో, మజ్జ కణాలు గుండె కండగా మారడం లేదని స్పష్టంగా చూపించాయి. అయినా పరుగు ఆగలేదు. ఆయన బృందం కణాలతో మనుషులపై జరిగిన ఒక ట్రయల్, అంటే చికిత్సను పరీక్షించే ప్రయోగం, 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. చివరికి 2018లో హార్వర్డ్ మెడికల్ స్కూల్, దాని అనుబంధ ఆసుపత్రి కలిసి ఆ ప్రయోగశాల నుంచి వచ్చిన 31 వ్యాసాలను వెనక్కి తీసుకోవాలని పత్రికలకు చెప్పాయి, వాటిలోని సమాచారం కల్పితం లేదా మార్చినది కాబట్టి. లాన్సెట్ ఆ ట్రయల్‌ను 2019లో ఉపసంహరించింది. మీ దగ్గరికొచ్చిన ఏజెంట్ చూపించే రంగుల బొమ్మలు దాదాపుగా ఆ పాత కథలోవే: మజ్జ నుంచి కణం బయల్దేరి, గుండెలో దిగి, కండ అయిపోతుంది. ఇరవై ఏళ్ల కిందటే తేలిపోయిన మాటను ఇంకా ఊళ్లలో అమ్ముకుంటున్నారంటే నాకు కడుపు మండుతుంది.

మజ్జ కణాలతో నిజాయితీగా జరిగిన ట్రయల్స్ కూడా బోలెడు ఉన్నాయి. తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, శుద్ధి చేసి, క్యాత్ ల్యాబ్‌లో, అంటే స్టెంట్ వేసే గదిలో, గుండె నాళంలోకి ఎక్కించడమే పద్ధతి. ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం కొన్ని గంటల్లోనే రక్తంతో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్లీహంలో చేరతాయి. గుండెలో మిగిలేది కొద్ది శాతమే, అవి కూడా ఎక్కువకాలం బతకవు. ఐరోపాలో బామీ అనే ట్రయల్ 3,000 మందితో చేయాలనుకున్నారు, 375 మందే చేరారు. 2020లో వచ్చిన ఫలితాల్లో మజ్జ కణాలు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ మరణాల్లో తేడా కనిపించలేదు. దాత నుంచి తీసుకున్న వేరే రకం కణాలతో డ్రీమ్ హెచ్‌ఎఫ్ అనే ట్రయల్ 500 మందికి పైగా రోగులతో జరిగి 2023లో వెలువడింది. గుండె వైఫల్యంతో మళ్లీ మళ్లీ ఆసుపత్రి పాలవడాన్ని తగ్గించాలన్న దాని ముఖ్య లక్ష్యం నెరవేరలేదు.

మరి "మా పేషెంటుకు 28 నుంచి 38కి పెరిగింది" అని రిపోర్టులు చూపిస్తారు కదా అంటారు. ఇక్కడ కాస్త ఆగి చదవండి, అసలు కిటుకు ఇక్కడే ఉంది. గుండెపోటు అయిన వెంటనే తీసిన ఎకోలో కదలని కండ అంతా చచ్చిన కండ కాదు. దాని చుట్టూ కొంత భాగం రక్తం అందక స్పృహ తప్పి ఉంటుంది. స్టెంట్‌తో రక్తం అందాక అది రోజుల్లో, వారాల్లో తేరుకుంటుంది. పైగా మందులు పనిచేస్తుంటాయి. కాబట్టి ఏమీ ఎక్కించకపోయినా చాలామందికి మూడు నెలలకు ఈఎఫ్ పెరుగుతుంది. దానికితోడు ఎకోలో ఈఎఫ్ కొలత మనిషి చేసే కొలత. గుండె నిండినప్పుడు, ముడుచుకున్నప్పుడు లోపలి అంచు వెంట గీత గీస్తాం. గీత కొంచెం అటు జరిగితే 30 కాస్తా 35 అవుతుంది, ఇటు జరిగితే 27 అవుతుంది. ఒకే రోగికి ఒకే రోజు ఇద్దరు ఎకో చేసినా ఐదు పాయింట్ల తేడా రావడం వింతేమీ కాదు. కణాలు ఎక్కించామని తెలిసిన డాక్టరే ఆ గీత గీస్తే ఎటు జరుగుతుందో మీరే ఊహించుకోండి. అందుకే కణాలు ఎక్కించని మరో గుంపు ఉండాలి, ఎకో చదివేవాడికి ఎవరు ఏ గుంపో తెలియకూడదు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో డారెల్ ఫ్రాన్సిస్ బృందం 2014లో 49 మజ్జ కణాల ట్రయల్స్ వ్యాసాలను వరుసగా తనిఖీ చేసింది. లెక్కలు కలవని చోట్లు 600కు పైగా దొరికాయి. తప్పులు ఎక్కువున్న ట్రయల్స్‌లో ఈఎఫ్ ఎక్కువ పెరిగినట్టు ఉంది. ఒక్క తప్పూ దొరకని ట్రయల్స్‌లో పెరుగుదల సున్నా. నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే కుర్ర డాక్టర్లకు ఈ ఒక్క సంగతి మాత్రం తప్పకుండా చెప్తాను.

ఇంకో విషయం కూడా 2019 చివర్లో బయటపడింది. సిన్సినాటిలోని జెఫ్రీ మోల్కెంటిన్ బృందం ఎలుకల గుండెలోకి బతికున్న కణాలు, చంపేసిన కణాలు విడివిడిగా ఎక్కించి చూసింది. రెండూ ఒకేలా కొంచెం మేలు చేశాయి. శరీరంలోని రక్షణ కణాలు అక్కడికి చేరి మచ్చను కాస్త గట్టిపరచడమే ఆ మేలుకు కారణం, కొత్త కండ పుట్టడం కాదు.

అలాగని స్టెమ్ సెల్ అన్న మాట వినగానే మోసం అనుకోకండి. తలసీమియా, లుకేమియా పిల్లలకు మజ్జ మార్పిడి ప్రాణం పోస్తోంది, అది కూడా స్టెమ్ సెల్ వైద్యమే. కంటిపై యాసిడ్, సున్నం పడి చూపు పోయినవాళ్లకు హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు కంటి అంచులోని మూలకణాలతో చూపు తెప్పిస్తున్నారు. అక్కడ ఏ కణం ఏ పని చేస్తుందో తెలుసు, ఆ కణాన్నే ఆ పనికి పెడుతున్నారు. మజ్జ కణం పని రక్తం తయారుచేయడం. అందుకే రక్త జబ్బుకు పనికొస్తుంది, గుండెకు పనికిరాదు.

గుండెకు నిజంగా ఆశ ఉన్న దారి జపాన్ నుంచి వచ్చింది. షిన్యా యమనక 2006లో ఎలుక చర్మ కణాలను, 2007లో మనిషి కణాలను నాలుగు జన్యువులతో వెనక్కి తిప్పి, ఏ కణంగానైనా మారగల మూలకణాలుగా చేశారు. వాటిని ఐపీఎస్ కణాలంటారు. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది. వాటి నుంచి ల్యాబ్‌లో గుండె కండ కణాలను పెంచొచ్చు, పళ్లెంలో అవి వాటంతటవే కొట్టుకుంటాయి. ఇవి నిజమైన కండ కణాలు. ఒసాకాలో యోషికి సావా బృందం 2020 జనవరిలో అలాంటి కణాల పలుచని పొరను మొదటిసారి ఒక రోగి గుండెపై అతికించింది. జర్మనీలోని గోటింగెన్‌లో వోల్ఫ్రమ్ జిమ్మర్‌మన్ బృందం ఇంకాస్త మందంగా, కోట్ల కణాలతో కండ ముక్కలు తయారుచేసి ముందు కోతులపై, తర్వాత మనుషులపై వాడుతోంది. 2025 జనవరిలో వాళ్లు ప్రచురించిన వివరాల్లో ఒక మహిళ ఉంది. ఆమెకు ఆ ముక్కలు అతికించిన మూడు నెలలకు దాత గుండె దొరికింది. తీసేసిన పాత గుండెను కోసి చూస్తే అతికించిన కండ బతికే ఉంది, దానికి రక్తనాళాలు కూడా వచ్చాయి. మనిషి గుండెలో బయట పెంచిన కండ బతుకుతుందని కళ్లారా చూసిన సంగతి అది. నేను ఆ వ్యాసాన్ని రెండుసార్లు చదివాను.

కానీ అది రోగులకు ఎంత మేలు చేస్తుందో ఇంకా పూర్తిగా రుజువు కాలేదు. అడ్డంకులు చిన్నవి కావు. కణాలు వేరేవాళ్లవి కాబట్టి శరీరం తోసేయకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాలి, వాటితో ఇన్ఫెక్షన్ల భయం ఉంటుంది. పూర్తిగా మారని మూలకణం ఒక్కటి మిగిలినా గడ్డ కట్టే ప్రమాదం ఉంది. అన్నిటికంటే ముఖ్యం లయ. గుండె కణాలన్నీ ఒకే తాళానికి కొట్టుకోవాలి. బతుకమ్మ ఆటలో అందరి చప్పట్లూ కలుస్తుంటే మధ్యలో కొందరు తమ తాళం తాము వేస్తే వరస చెదిరినట్టు, కొత్త కణాలు సొంతంగా కొట్టుకోవడం మొదలుపెడితే గుండె లయ తప్పుతుంది. 2014లో సియాటిల్‌లో చార్ల్స్ మర్రీ బృందం కోతుల గుండెల్లోకి నూరు కోట్ల కణాలు ఎక్కిస్తే కండ బాగానే ఏర్పడింది, కానీ లయ తప్పడం కూడా కనిపించింది. బయటి కణాలు వద్దు, ఉన్న కణాలనే మళ్లీ విభజించేలా చేద్దామని ఇంకో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. 2019లో పందుల్లో ఒక మైక్రో ఆర్‌ఎన్ఏతో (జన్యువుల పనిని అదుపు చేసే చిన్న అణువు) అది సాధించారు, మచ్చ తగ్గింది, పంపింగ్ పెరిగింది. కానీ విభజనను ఆపే వీలు లేక చివరికి వాటిలో చాలా పందులు లయ తప్పి హఠాత్తుగా చచ్చిపోయాయి. కండ పెంచడం ఒక్కటే సరిపోదు, తగినంత పెరిగాక ఆగాలి కూడా.

ఇక మన చట్టం సంగతి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం గుండె జబ్బుకు స్టెమ్ సెల్స్ ఇవ్వడం మామూలు వైద్యం కాదు, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతితో జరిగే ట్రయల్‌లో మాత్రమే ఇవ్వాలి. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఏదైనా హాని జరిగితే 2019 నాటి ట్రయల్స్ నిబంధనల ప్రకారం వాళ్లే వైద్యం చేయించి పరిహారం ఇవ్వాలి. కాబట్టి ఆ ఏజెంట్‌ను ఒక్కటే అడగండి: "ఇది ట్రయల్ అయితే ఆరు లక్షలు ఎందుకు? ట్రయల్ కాకపోతే అనుమతి కాగితం ఏది?" సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో దేశంలో జరిగే ప్రతి ట్రయల్ వివరాలూ ఉంటాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అయితే అక్కడ పేరు ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు, అనుమతి కాగితాన్ని విడిగా అడగాలి. ఎక్సోసోమ్స్ అనో, పీఆర్‌పీ అనో పేరు మార్చి చెప్పినా జవాబు ఇదే.

డబ్బు పోవడం కంటే నాకు ఎక్కువ భయం ఇంకొకటి. మీ బాపుకు స్టెంట్ వేసి నెలన్నరే అయింది. ఆయన రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు వాడుతున్నారు. తుంటి ఎముకలో సూది గుచ్చి మజ్జ తీయాలంటే రక్తస్రావం భయంతో ఆ మాత్రలు కొన్నాళ్లు ఆపమనే అవకాశం ఉంది. ఈ సమయంలో అవి ఆపితే స్టెంట్ హఠాత్తుగా మూసుకుపోయి ఇంకో గుండెపోటు రావచ్చు. స్టెంట్ వేసిన డాక్టర్ చెప్పకుండా, ఎవరు చెప్పినా సరే, పన్ను పీకించుకోవడానికైనా సరే, ఆ మాత్రలు ఆపొద్దు.

ఇప్పుడు మీ బాపుకు నిజంగా చేయాల్సింది. పంపింగ్ తగ్గినవాళ్లకు నాలుగు రకాల మందులు కలిపి వాడితే ఆయుష్షు పెరుగుతుందని, ఆసుపత్రి పాలవడం తగ్గుతుందని వేలమందితో చేసిన ట్రయల్స్ రుజువు చేశాయి. మీరు పంపిన చీటీలో మెటోప్రోలాల్, రామిప్రిల్ ఉన్నాయి, అంటే నాలుగింటిలో రెండున్నాయి. స్పైరోనోలాక్టోన్ లేదా ఎప్లెరినోన్ లేదు, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ లేదు. డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ మాత్రగా మొదలైంది, కానీ షుగర్ లేనివాళ్ల గుండెకూ మేలు చేస్తుందని 2019లో 4,744 మంది రోగులతో జరిగిన ట్రయల్‌లో తేలింది. గుండె వైఫల్యం ముదరడం లేదా గుండె జబ్బుతో మరణం, ఈ రెండూ కలిపి చూస్తే ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 21.2 శాతం, డాపాగ్లిఫ్లోజిన్ వాడినవాళ్లలో 16.3 శాతం. రామిప్రిల్ బదులు సాకుబిట్రిల్, వల్సార్టన్ కలిసిన మాత్రకు మార్చడం కూడా ఉంటుంది. అలా మార్చేటప్పుడు మధ్యలో 36 గంటల విరామం తప్పనిసరి, కాబట్టి మీ అంతట మీరు మార్చొద్దు. వీటన్నిటికీ ఇప్పుడు చవకైన జెనెరిక్ మాత్రలు వచ్చాయి. వచ్చే వారమే డాక్టర్ దగ్గరికి చీటీ తీసుకెళ్లి "మిగతా రెండూ మొదలుపెట్టొచ్చా, డోసు పెంచొచ్చా" అని అడగండి. బీపీ, క్రియాటినిన్, పొటాషియం చూసుకుంటూ మెల్లగా పెంచుతారు. డోసు పెంచడానికి టైం పడుతుంది, అందులో ఓపిక కావాలి.

ఇంట్లో మీరు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక బరువు తూచే మిషన్ కొని రోజూ పొద్దున బాపును నిలబెట్టండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో నీరు, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. మామిడికాయ తొక్కు, అప్పడాలు, ఎండుచేపలు మానిపించండి, ఉప్పు అక్కడి నుంచే ఎక్కువగా వస్తుంది. బీడీ పూర్తిగా మానేయాలి, తగ్గించడం కాదు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ సూదులు, నొప్పి గోలీలు గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో నీరు పట్టిస్తాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. మీ ఆర్‌ఎంపీ డాక్టర్‌కు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. మళ్లీ ఛాతీలో పట్టేసినట్టు ఉంటే ఊళ్లో సూదికి కూర్చోకుండా నేరుగా 108కి ఫోన్ చేసి, వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికో, స్టెంట్ వేసిన ఆసుపత్రికో వచ్చేయండి.

స్టెంట్ వేసి మూడు నెలలు దాటాక, నాలుగు మందులూ సరిపడా డోసులో నడుస్తున్నప్పుడు మళ్లీ ఎకో తీయించండి. వీలైతే మొదటిసారి తీసినవాళ్ల దగ్గరే. నా దగ్గరికొచ్చేవాళ్లలో 30 నుంచి 40 దాటినవాళ్లు ఉన్నారు, అలాగే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. అప్పటికీ 35 లేదా అంతకంటే తక్కువుంటే ఐసీడీ గురించి అడగండి. అది ఛాతీ చర్మం కింద పెట్టే చిన్న యంత్రం, లయ ప్రమాదకరంగా తప్పితే షాకిచ్చి ప్రాణం కాపాడుతుంది. మందులకు ఏమాత్రం లొంగని కొద్దిమందికి గుండె మార్పిడి ఉంది, హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా నడిచే జీవన్‌దాన్ అనే అవయవదాన పథకంలో పేరు నమోదు చేయించాలి. మీ బాపు విషయంలో ఇప్పుడు దాని దాకా ఆలోచించాల్సిన పని లేదు.

పొలం పని సంగతి: నడక ఇప్పటి నుంచే మంచిది, పొద్దున, సాయంత్రం, నడుస్తూ మాట్లాడగలిగేంత వేగంతో. ఆయాసం లేకపోతే వారం వారం కొంచెం పెంచండి. పొలానికి పోయి చూసి రావడం, చెట్టు కింద కూర్చుని కూలీలతో పని చేయించడం చేయొచ్చు. ఎండెక్కిన తర్వాత వద్దు. వంగకుండా నెమ్మదిగా పత్తి ఏరడం రెండో ఎకో అయ్యాక డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టొచ్చు. వీపున మోసే మందు పంపు మాత్రం వద్దు. పదహారు లీటర్ల ట్యాంకు నిండితే ఇరవై కిలోల దాకా బరువు, దానికితోడు చేతితో కొట్టడం, పైగా పురుగుమందు పీల్చడం. పత్తి బస్తాలు ఎత్తడం, ఎనుమాముల మార్కెట్‌లో దించడం కూడా ఈ ఏడాదికి మీరే చూసుకోండి.